టవల్ కింద బేరం: మన సీమకొచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి



ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం. విదేశీ క్లయింట్‌తో కాల్ నడుస్తోంది. "శుక్రవారానికి అయిపోతుందా?" అని ఆయన అడిగాడు. "చూస్తాం సార్, ట్రై చేస్తాం" అన్నా. మన ఊర్లో పెద్దమనిషితో అట్ల అంటే అర్థం ఏంది? కష్టమేనని. ముఖం మీద కాదు అనడం మర్యాద కాదు కాబట్టి అట్ల అంటాం. ఆయన మాత్రం "అవుతుంది" అని రాసుకున్నాడు. శుక్రవారం వచ్చింది, పని కాలేదు. ఆ ఏడాది నా అప్రైజల్‌లో ఒక మాట పడింది: కమ్యూనికేషన్ వీక్.

ఇంగ్లీషు నాకు బాగానే వచ్చు. మరి వీక్ ఏంది? చాలా రోజులు ఈ ప్రశ్న నన్ను తినేసింది. జవాబు ఎక్కడ దొరికిందో చెప్తే నవ్వుతారు. 370 ఏళ్ల కిందటి మన గండికోటలో.

జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. పారిస్ వాడు, 1605లో పుట్టాడు, వజ్రాల వ్యాపారి. తూర్పు దేశాలకు ఆరు సార్లు ప్రయాణం చేసి, ఆ అనుభవాలను 1676లో పుస్తకంగా వేశాడు. మన భాషలు రావు, అంతా దుభాషీల మీదే నడిపాడు. 1652లో ముత్యాలు, నగలు పట్టుకుని గోల్కొండ సుల్తాన్‌కు అమ్ముదామని బయల్దేరాడు. కానీ నేరుగా సుల్తాన్ దగ్గరికి పోలేదు. పెన్నా నది పక్కన, ఇప్పటి కడప జిల్లాలో ఉన్న గండికోటకు వచ్చాడు. ఎందుకంటే అప్పుడు అక్కడ మీర్ జుమ్లా ఉన్నాడు. గోల్కొండ సేనాపతి, మంత్రి. పుట్టింది పర్షియాలో. సొంతంగా వజ్రాల గనులు, ఓడలు నడిపినవాడు. ఆయన చూసి సరే అనకుండా సుల్తాన్ విలువైన వస్తువు ఏదీ కొనడు. "ముందు ఎవరిని కలవాలి" అన్నది ఎంత పెద్ద విషయమో చూడండి. ఇప్పుడు కంపెనీల్లో "డెసిషన్ మేకర్ ఎవరు?" అని అడుగుతారే, అదే ఇది.

అక్కడ టావెర్నియర్ చూసిన సీన్ ఇది. మీర్ జుమ్లా గుడారంలో చెప్పులు లేకుండా కూర్చున్నాడు. కాలి వేళ్ల సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో ఇంకొన్ని కాగితాలు. ఒక్కొక్కటే లాగుతాడు, ఇద్దరు రాయసగాళ్లకు జవాబు చెప్తాడు, వాళ్లు రాసింది చదివించుకుని ముద్ర వేస్తాడు. ఫ్రాన్స్‌లో అట్ల చెప్పుల్లేకుండా కూర్చునేది దర్జీలు. కానీ టావెర్నియర్ దీన్ని ఈ దేశపు ఆచారం అని రాసుకున్నాడు. కాళ్లు చూసి ఆ మనిషిని తక్కువ అంచనా వేసి ఉంటే? బేరం అక్కడే పోయేది.

ఇప్పుడు గండికోట నుంచి గనుల దగ్గరికి పోదాం. టావెర్నియర్ "రావోల్కొండ" అనే వజ్రాల గని గురించి వివరంగా రాశాడు. 1889లో ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన వాలెంటైన్ బాల్, అది కర్నూలు దగ్గరి రామళ్లకోట అన్నాడు. కాదు, రాయచూరు వైపు అని తర్వాత అన్నవాళ్లూ ఉన్నారు. ఏదైనా మన చుట్టుపక్కలే.

అక్కడ బేరం మాటల్లో జరగదు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి చేతుల మీద కప్పుతారు. మొత్తం చెయ్యి పట్టి నొక్కితే వెయ్యి. ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేలు. ఐదు వేళ్లు పట్టుకుంటే 500, ఒక వేలు అయితే 100. వేలు సగం వరకు పట్టుకుంటే 50, కొస మాత్రమే పట్టుకుంటే 10. నోట్లోంచి ఒక్క మాట రాదు. చుట్టూ జనం ఉండగానే ఒకే సరుకు ఐదారు సార్లు చేతులు మారేదంట, ఎంతకు పోయిందో పక్కవాడికి తెలిసేది కాదంట.

ఇది చదవగానే నాకు మా అబ్బ గుర్తొచ్చాడు. అబ్బ అంటే మా నాయన వాళ్ల నాయన. చిన్నప్పుడు ఎద్దుల సంతకు తీసుకుపోతే, దళారి టవల్ కింద ఆయన వేళ్లు పట్టుకునేవాడు. "ఏం చేస్తాండారు అబ్బా?" అంటే "మాట్లాడతాండాంరా" అనేవాడు. నాకేమో ఎవరూ మాట్లాడినట్టే కనిపించేది కాదు!

ఇంకొకటి. యూరప్‌లో వజ్రం నాణ్యత పగటి వెలుగులో చూస్తారు. ఇక్కడ రాత్రి చూసేవాళ్లు. గోడలో అడుగు చదరపు గూడు, అందులో లావు వత్తి దీపం, ఆ వెలుగులో రాయిని వేళ్ల మధ్య పట్టుకుని చూడాలి. తూకం కూడా క్యారెట్లలో కాదు, మంజాడి లెక్క. ఒక మంజాడి అంటే ఒకటిముక్కాలు క్యారెట్ అని లెక్క కట్టుకున్నాడు. డబ్బు వరహాల్లో.

ఆలోచించండి. డబ్బు ఆయనది. అయినా వేళ్ల లెక్క, దీపం, మంజాడి, అన్నీ ఆయనే ఎందుకు నేర్చుకున్నాడు? వజ్రాలు మన దగ్గర ఉన్నాయి కాబట్టి. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపు మన దేశం నుంచే పోయేవి. ఎవరికి అవసరమో వాడే ఎదుటివాడి పద్ధతి నేర్చుకుంటాడు. సంస్కృతి తేడా అని మనం అనేదాంట్లో సగం ఇదే.

అయితే మనవాళ్లంతా బాగుపడ్డారా? లేదు. అదే పుస్తకంలో ఉంది: పని బాగా వచ్చిన గని కూలీకి కూడా ఏడాదికి 3 వరహాలు. 50 మంది కూలీలకు 12 నుంచి 15 మంది కాపలా. పెద్ద రాయి దొరికితే తలపాగా గుడ్డ, కొంచెం డబ్బు, బియ్యం, చక్కెర. రాయి తవ్వింది కూలీ. కానీ గుడ్డ కింద చెయ్యి పెట్టే అవకాశం అతనికి లేదు. అదే గని దగ్గర వ్యాపారుల పిల్లలు, 10 ఏళ్ల నుంచి 16 ఏళ్ల లోపు వాళ్లు, చెట్టు కింద కూర్చుని వరహాల సంచులతో రాళ్లు కొనేవాళ్లు. ఒకే ఊరు, ఒకే భాష. బేరం భాష మాత్రం కొందరికే.

ఇది పాత కథ అనుకోకండి. ఇప్పటికీ తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. పక్క జిల్లాల నుంచి వచ్చి చెట్ల కింద, గుళ్లల్లో పడుకుంటారు. రాయి దొరికినా దాని అసలు ధర వాళ్లకు తెలియదు. వ్యాపారి ఎంత చెప్తే అంత. ఆ రేటు ఎట్ల కట్టారో అడిగే భాష వాళ్ల చేతిలో ఇంకా లేదు.

అందుకే నా అప్రైజల్ మాటను ఇప్పుడు వేరేగా చదువుకుంటా. నేను వీక్ కాదు. ఆ కాల్‌లో ఎవరి రూల్ నడుస్తుందో నాకు ఎవరూ చెప్పలేదు, "చూస్తాం" అంటే ఏందో ఆయనకూ ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత నేను మార్చుకున్నది ఒక్కటే. "శుక్రవారానికి కాదు సార్, మంగళవారం ఇస్తా" అనడం. మొదటిసారి అన్నప్పుడు గొంతు వణికింది. ఆయన మాత్రం "థాంక్యూ" అని తర్వాతి పాయింట్‌కు పోయాడు. అంతే!

కర్నూలు నుంచో కడప నుంచో కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే వాళ్లకు చెప్తున్నా. అవతలివాళ్ల పద్ధతి నేర్చుకోండి, అందులో చిన్నతనం లేదు. టావెర్నియరే నేర్చుకున్నాడు. అట్లనే మీ "చూస్తాం" అంటే ఏందో వాళ్లకూ ఒకసారి చెప్పండి. మన వాళ్లెవరికైనా చేలో రాయి దొరికితే, మొదట వచ్చినవాడికే ఇచ్చేయకుండా నలుగురి దగ్గర ధర అడగమనండి.

మీ ఊరి సంతలో వేళ్ల లెక్క ఎట్ల ఉంటుందో కామెంట్‌లో రాయండి. ఊరికొక రకం ఉంటుందంట. తెలియకపోతే మీ అబ్బనో జేజినో అడగండి. వాళ్లున్నప్పుడే అడగండి. నేను అడగలేదు.

మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.