విశాఖ రేవులో రెండు ధిక్కారాలు: వలస సైనికుని జీతం, గౌరవం – ఒక పరిశీలన

వలస పాలనలో భారతీయ సైనికుల ధిక్కారాన్ని మన చరిత్ర రచన ప్రధానంగా దేశభక్తి కోణం నుంచే పరిశీలించింది. వాటిలో శ్రామికుని ఆక్రోశం కూడా ఉన్నదని విశాఖపట్నంలో జరిగిన రెండు ఘటనల ఆధారంగా ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద హైదరాలీ సైన్యం చేతిలో కంపెనీ దళం ఘోరంగా దెబ్బతిన్నది. ఆ యుద్ధానికి అదనపు బలంగా సర్కారు సిపాయిలను ఓడలో మద్రాసుకు పంపాలని అధికారులు నిర్ణయించారు. అక్టోబరు 3న విశాఖ రేవులో ఓడ ఎక్కేందుకు సిపాయిలు నిరాకరించి ఆయుధాలు తిప్పారు. ఆ కాల్పుల్లో ఆంగ్లేయులు మరణించారు. నాయకత్వం వహించిన షేక్ మహమ్మద్ సుబేదారు కావడం గమనార్హం. భారతీయుడు చేరగల పై మెట్టు అదే. అంతటి అనుభవజ్ఞుడు సైతం కొత్తగా చేరిన ఆంగ్ల అధికారికి లోబడవలసిందే. కనుక సముద్రయాన విముఖత ఒక్కటే ఈ ఘటనను పూర్తిగా వివరించజాలదు.

1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ నౌకాశిక్షణ కేంద్రంలో నావికులు నాసిరకపు తిండిని తిరస్కరించి విధులు బహిష్కరించారు. అధికారి కింగ్ దుర్భాషలు అప్పటికే వారిని రగిలించాయి. సుమారు 78 నౌకలకు, 20 వేల మందికి వ్యాపించిన ఈ ఉద్యమంలో విశాఖ నావికులు కూడా పాల్గొన్నారు. బ్రిటిష్ నావికులతో సమాన జీతభత్యాలు, మెరుగైన ఆహారం, ఆజాద్ హింద్ ఫౌజు ఖైదీల విడుదల వారి డిమాండ్లు. జీతం, జాతీయత ఒకే పత్రంలో పక్కపక్కనే నిలిచాయి. ఎం.ఎస్. ఖాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం తనను 'సమ్మె సంఘం' అని పిలుచుకున్నది. ప్రభుత్వం మాత్రం దానిని 'తిరుగుబాటు' అన్నది. కాంగ్రెస్, లీగ్ నేతల సలహాపై ఫిబ్రవరి 23న నావికులు లొంగిపోయారు. ఆ తరువాత ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు.

ఈ పేర్ల భేదం చిన్నది కాదు. 'తిరుగుబాటు' అన్నప్పుడు విధేయతా భంగం ముందుకు వస్తుంది. 'సమ్మె' అన్నప్పుడు యజమాని బాధ్యత ముందుకు వస్తుంది. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ సమావేశమైన చిలుకూరు ప్రాంతంలో వెట్టి వ్యతిరేక పోరాటాన్ని మనం శ్రమ హక్కుగానే చదువుతున్నాం. కూలి లేని చాకిరీని ప్రశ్నించిన రైతుకు ఇచ్చిన ఆ చూపును, సమాన జీతం అడిగిన నావికునికి నిరాకరించడానికి సహేతుక కారణం కనిపించదు. యూనిఫాం ధరించినవాడు కూడా శ్రామికుడే. ఆ గుర్తింపు వలన వారి దేశభక్తి తగ్గదు. దాని మూలాలు మరింత స్పష్టమవుతాయి.