ఒకే బేరిచెట్టు.. ఇద్దరి పేర్లు

లండన్‌లో 'విలియమ్స్' అంటారు. అమెరికాలో 'బార్ట్‌లెట్' అంటారు. రెండూ ఒకే బేరిపండు. చిత్రమేమిటంటే, ఆ చెట్టు విలియమ్స్ పెరట్లో పుట్టలేదు, బార్ట్‌లెట్ తోటలోనూ పుట్టలేదు.

ఇంగ్లండ్‌లోని బెర్క్‌షైర్ కౌంటీలో ఆల్డర్‌మాస్టన్ అనే పల్లె ఉంది. 1770 ప్రాంతంలో అక్కడి బడిపంతులు జాన్ స్టెయిర్ దగ్గర ఈ రకం వెలుగుచూసింది. పనిగట్టుకుని సంకరం చేసిన రకం కాదు, గింజ పడి తనంతట తానే మొలిచిన చెట్టు. దాని అంట్లు లండన్ శివారు టర్న్‌హామ్ గ్రీన్‌లో నర్సరీ నడిపే రిచర్డ్ విలియమ్స్‌కు చేరాయి. ఊరూరా అమ్మింది ఆయన కాబట్టి ఆయన పేరే నిలిచింది.

18వ శతాబ్దం చివర్లో ఈ చెట్లు సముద్రం దాటి మసాచుసెట్స్‌లోని రాక్స్‌బరీకి వెళ్లాయి. తర్వాత ఆ చెట్లున్న తోట కొన్న ఎనాక్ బార్ట్‌లెట్‌కు అవి ఏ రకమో తెలియదు. తన పేరు పెట్టి పంచాడు. 1828లో యూరప్ నుంచి కొత్త మొక్కలు వచ్చాక గానీ రెండూ ఒకటేనని తేలలేదు. అప్పటికి కొత్త పేరు జనం నోట్లో పడిపోయింది.

గింజ నాటితే ఈ రకం మళ్లీ రాదు. మన బంగినపల్లి మామిడిలాగే అంటు కట్టాల్సిందే. అంటే నేటి బార్ట్‌లెట్ చెట్లన్నీ పంతులుగారి చెట్టు కొమ్మలే. గంట ఆకారం, పలుచని తొక్క, వెన్నలాంటి గుజ్జు, ఘాటైన సువాసన దీని గుర్తులు. ఉడికించినా రుచి పోదు కనుక అమెరికా డబ్బా పండ్ల పరిశ్రమ దీన్నే నమ్ముకుంది. 1938లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక చెట్టు కొమ్మకు ఎర్రకాయలు కాసి, ఎర్ర బార్ట్‌లెట్ పుట్టింది.

లోపాలూ ఉన్నాయి. మరో రకం పుప్పొడి అందకపోతే కాపు సరిగా రాదు. ఫైర్ బ్లైట్ అనే బ్యాక్టీరియా తెగులు సోకితే కొమ్మలు కాలినట్టు నల్లబడతాయి. అన్నీ ఒకే చెట్టు అంట్లు కాబట్టి, ఒకదాని బలహీనతే అన్నిటిదీ.

మన దేశంలో కశ్మీర్, హిమాచల్ తోటల్లో బార్ట్‌లెట్ పండుతోంది. చెట్టు మీదే మాగనిస్తే లోపలి గుజ్జు ముందే పాడవుతుంది. అందుకే పచ్చిగా ఉండగానే కోస్తారు. బజారులో ఆకుపచ్చగా దొరికితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకండి. రెండు మూడు రోజులు బయట ఉంచి, పసుపు రంగుకు తిరిగి, తొడిమ పక్కన నొక్కితే మెత్తగా తగిలినప్పుడు తినండి.