పాఠకునికి తన పుస్తకము దొరకిన విధము

విశాఖపట్టణమునుండి శ్రీకాకుళమునకు పోవు రహదారిపై, సముద్రమునకు చేరువలో భోగాపురము కలదు. దానికి వాయవ్యదిశను విజయనగరము ఉన్నది. ఇటీవల విమానాశ్రయ నిర్మాణమువలన ఈ ఊరిపేరు దూరప్రాంతములవారికిని తెలిసినది. కాని పుస్తకపఠన చరిత్రను పరిశీలించువారికి ఈ ఊరి ఉనికి మరియొక విధముగా ఉపకరించును. దానికి చుట్టును ఉన్న మూడు పట్టణములును తెలుగు పాఠకుని అభిరుచిని తీర్చిదిద్దుటలో ఒక్కొక్క పాత్రను వహించినవి.

ఒకే ఊరిలో, ఒకే తరగతిలో చదువుకొను ఇద్దరు విద్యార్థులను తీసికొందము. ఒకనికి అపరాధపరిశోధక నవల దొరకినచో భోజనము సంగతి కూడ గుర్తుండదు. రెండవవానికి నక్షత్రములను గూర్చిన పుస్తకమనిన ప్రాణము. ఈ భేదము ఎట్లు కలిగినది? “ఎవరి అభిరుచి వారిది” అనుట పరిపాటి. పుట్టుకతో వచ్చిన స్వభావమునకు కొంత పాత్ర ఉండవచ్చును. కాని ఎన్నడును చూడని పుస్తకముపై ఎవరికిని ప్రీతి కలుగజాలదు. కనుక అభిరుచికి ముందు పరిచయము కావలెను. ఆ పరిచయము తెలుగుదేశమున ఏయే మార్గములలో జరిగినదో తెలిసికొన్నచో పై ప్రశ్నకు చాలవరకు సమాధానము దొరకును.

వినికిడి కాలము

అచ్చుపుస్తకములు పల్లెలకు చేరకపూర్వము చదువరులకంటె శ్రోతలే ఎక్కువ. ఉత్తరాంధ్రమున జముకులకథ, తోలుబొమ్మలాట, హరికథ జనులకు విద్యాలయములుగా ఉండెడివి. బొబ్బిలి సమీపమున అజ్జాడ గ్రామములో 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసు హరికథకు గొప్ప ప్రతిష్ఠ తెచ్చెను. భక్తికథ, వీరగాథ, హాస్యము అను భేదములను పల్లెవాసులు అక్షరములు రాకయే ఎరిగియుండిరి. అయితే ఆ శ్రోతకు ఒక లోపముండెను. ఆ రాత్రి ఊరికి ఏ కథ వచ్చిన దానినే వినవలెను. ఎంపిక చేసికొనుటకు అవకాశము తక్కువ. అభిరుచి ఉన్నను దానిని వెంబడించు దారి లేకుండెను.

పేరు లేనిదే ప్రీతి లేదు

అచ్చువలన క్రొత్త ప్రక్రియలు బయలుదేరినవి. కందుకూరి వీరేశలింగము ‘రాజశేఖర చరిత్రము’ను 1878లో తన ‘వివేకవర్ధని’ పత్రికలో ప్రకటింపసాగెను. నేడు దానిని నవల యనుచున్నారు. ఆయన మాత్రము దానిని వచనప్రబంధమనెను. ‘నవల’ అను పేరు తరువాత కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి వలన ప్రచారములోనికి వచ్చెను.

ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని పాఠకుని దృష్టితో చూచిన ఇది ముఖ్యము. ఒక పుస్తకము నచ్చినవాడు “అటువంటిదే మరియొకటి ఇండు” అని అడుగవలెనన్న ఆ జాతికి ఒక పేరుండవలెను. వృక్షశాస్త్రమున మొక్కలకు పేర్లు పెట్టుట ఎట్టిదో, సాహిత్యమున ప్రక్రియలకు పేర్లు పెట్టుట అట్టిది. సాంఘికము, చారిత్రకము, జానపదము, పరిశోధకము అను మాటలు ఏర్పడిన పిమ్మట పాఠకుడు తన కోరికను నోటితో చెప్పగలిగెను.

భాష అను తలుపు

పేరొక్కటియే చాలదు, పుస్తకములోని భాష అర్థము కావలెను. ఇచ్చటనే విజయనగర, శ్రీకాకుళ ప్రాంతముల సేవ కానవచ్చును. గురజాడ అప్పారావు రచించిన ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో అచ్చయ్యెను. అందలి పాత్రలు ఆ ప్రాంతపు వీధులలో వినబడు మాటలనే పలుకును. శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి, పాఠశాలలలో విద్యార్థులకు వాడుకభాష కావలెనని వాదించెను. పాఠశాలల పరీక్షాధికారి జె. ఏ. యేట్సు, విశాఖపట్టణములో కళాశాలాధ్యక్షుడైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఈ విషయమున ఆయనకును, గురజాడకును తోడైరి.

ఆ వాదము వ్యాకరణమునకు సంబంధించినదే యని పలువురు తలంచిరి. నిజమునకు అది పాఠకుని హక్కునకు సంబంధించినది. మొదటి పుటలోనే నిఘంటువు వెదకవలసివచ్చిన బాలుడు పుస్తకము మూసివేయును. ఆ ప్రక్రియ తనకు తగదని తలంచును. లోపము ప్రక్రియది గాక భాషది యని వానికి ఎవరు చెప్పుదురు?

చందాదారుడు – గ్రంథమాల

1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు మున్నగువారు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. అది తరువాత మద్రాసునకు తరలెను. చరిత్రములు, జీవితచరిత్రలు, ప్రకృతిశాస్త్ర గ్రంథములు, నవలలు ఈ మండలి వరుసగా వెలువరించెను. మొదటి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము.

గ్రంథమాల పద్ధతిలో ఒక విశేషము కలదు. చందాదారునికి ఒకప్పుడు నవల వచ్చును, మరియొకప్పుడు రసాయనశాస్త్రము వచ్చును. నవలకొరకు చందా కట్టినవాడు ఇంటికి వచ్చిన శాస్త్రగ్రంథమును కూడ తిరుగవేయును. తాను కోరనిదానిని చూచుటవలన తనకే తెలియని అభిరుచి బయటపడు అవకాశము కలుగును. హరికథా శ్రోతవలె అతడును వచ్చినదానినే గ్రహించెను. కాని పుస్తకము ఇంటనే ఉండుటవలన మరల మరల చూడగలిగెను.

బీరువా తాళము

1886లో విశాఖపట్టణమున సరస్వతీ నిలయమను గ్రంథాలయము వెలసెను. ఆంధ్రదేశపు తొలి గ్రంథాలయములలో దానిని లెక్కింతురు. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్య ఆ ఉద్యమమునకు ప్రాణమై నిలిచెను. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు పంపి గట్టునగల గ్రామములవారికి చదువునకు ఇప్పించెను. మద్రాసు రాష్ట్రమున 1948లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను గ్రంథాలయ చట్టములు చేయబడి, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకము వసూలు చేయు ఏర్పాటు జరిగెను.

గ్రంథాలయమున్నంతమాత్రమున పాఠకునికి తన పుస్తకము దొరకునా? పుస్తకములు తాళమువేసిన బీరువాలో ఉన్నచో పాఠకుడు చీటీపై పేరు వ్రాసి ఇవ్వవలెను. పేరు తెలిసినదానినే అడుగగలడు. తెలియనిది అతనికి లేనట్లే. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్. ఆర్. రంగనాథన్ ఈ చిక్కును గుర్తించెను. అంతకుముందు ఆయన గణితోపాధ్యాయుడు. 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో ఆయన ప్రతి పాఠకునికి అతని పుస్తకము, ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు లభింపవలెనని నిర్ణయించెను. అందుకు పాఠకుడే అలమార వద్దకు పోయి పుస్తకములను చేతితో తీసి చూచు పద్ధతి అవసరమనెను.

అలమారలోని అమరికకును ప్రాముఖ్యము కలదు. అమెరికా దేశస్థుడు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణలో ఖగోళశాస్త్రమునకు 520, వృక్షశాస్త్రమునకు 580, సాహిత్యమునకు 800 సంఖ్యలు ఏర్పడినవి. సాహిత్యమును మొదట భాషనుబట్టియు, తరువాత రూపమునుబట్టియు విభజింతురు. ఈ పద్ధతిలో తెలుగు సాహిత్యమునకు 894.827 సంఖ్య. దాని ప్రక్కన 1 చేర్చిన కవిత్వము, 2 చేర్చిన నాటకము, 3 చేర్చిన కథాసాహిత్యము. గమనింపదగినదేమన, అపరాధపరిశోధక నవలకును సాంఘిక నవలకును ఇందు సంఖ్య ఒక్కటే. పండితుడు రూపమునుబట్టి విభజించును. పాఠకుడు తనకు కలిగిన అనుభవమునుబట్టి విభజించుకొనును. ఈ రెండింటి నడుమ సామరస్యము కూర్చుటకే అనుభవజ్ఞుడైన గ్రంథపాలకుడు కావలెను.

గ్రహణపు నీడ

రంగనాథన్ ఈ విషయమును గ్రహణముతో పోల్చి చెప్పెను. గ్రహణ సమయమున నీడ మధ్యభాగము గాఢముగా ఉండును, అది ప్రచ్ఛాయ. దాని చుట్టును పలుచని నీడ ఉండును, అది ఉపచ్ఛాయ. ఆ వెలుపల నీడ లేదు. చక్కగా వర్గీకరించిన అలమార వెంట నడచు పాఠకుని అనుభవమును ఇట్టిదే. మధ్యనున్న పుస్తకములు అతడు వచ్చిన పనికి సరిపోవును. వాటికి ఇరుప్రక్కల ఉన్నవి కొంత సంబంధము కలవి. ఇంకను దూరమున ఉన్నవి పరాయివి. క్రొత్త అభిరుచి మొలకెత్తునది ఎక్కువగా ఆ ఉపచ్ఛాయలోనే.

మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశోధనలును దీనికి అనుకూలముగా ఉన్నవి. అమెరికాలో రాబర్ట్ జాయన్స్ 1968లో ప్రకటించిన ప్రయోగములలో, అర్థము తెలియని పదములను, గుర్తులను ఎక్కువ పర్యాయములు చూచినవారు వాటిని ఎక్కువ ఇష్టపడిరి. పరిచయమే ప్రీతికి కొంత కారణమగునని దీనివలన తేలినది. కెనడాలో డేనియల్ బెర్లైన్ 1971లో వెలువరించిన గ్రంథమున మరియొక అంశము వివరించెను. మిక్కిలి పాతది విసుగు పుట్టించును. మిక్కిలి క్రొత్తది బెదరించును. నడుమ ఉన్నది ఆకర్షించును. కనుక నవల చదువు బాలునికి ఒక్కసారిగా పెద్ద చరిత్రగ్రంథము ఇచ్చిన లాభము లేదు. చారిత్రక నవల ఇచ్చిన, అందుండి చరిత్రకు తానే నడచిపోవచ్చును.

వారపత్రిక – అద్దె పుస్తకము

వారపత్రికలు ఈ ఉపచ్ఛాయను ఇంటింటికిని తెచ్చినవి. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా ప్రారంభించెను. 1947లో బాలలకొరకు ‘చందమామ’ వెలువడెను. పత్రికలో ధారావాహిక నవలకొరకు పుట త్రిప్పువాడు మార్గమధ్యమున కథను, వ్యాసమును, హాస్యమును దాటిపోవలెను. 1950 తరువాతి దశాబ్దములలో అద్దెకు పుస్తకములిచ్చు దుకాణములు పట్టణములలో వ్యాపించినవి. కొమ్మూరి సాంబశివరావు వ్రాసిన పరిశోధక నవలల వంటివి అచ్చట చేతులు మారుచుండెడివి. అద్దె రోజులెక్కన కనుక ఒక్క రాత్రిలో ముగియు పుస్తకమునకే గిరాకి ఎక్కువ. చదువు అలవాటు విస్తరించినది. కాని ఒక్కొక్క దుకాణము నాలుగైదు రకములకే పరిమితమయ్యెను.

ఒక ప్రక్రియకు ఒక ఇల్లు

ఒక ప్రక్రియపై ప్రీతి ఎంతవరకు పోగలదో తెలిసికొనుటకు భోగాపురమునుండి రహదారి వెంట ఈశాన్యముగా పోయి శ్రీకాకుళము చేరవలెను. కాళీపట్నం రామారావు 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో జన్మించెను. విశాఖపట్టణమున ఉన్నతపాఠశాలలో మూడు దశాబ్దములు ఉపాధ్యాయుడుగా పనిచేసెను. ‘యజ్ఞం’ కథవలన ప్రసిద్ధుడయ్యెను. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. 1997 ఫిబ్రవరి 22వ తేదీన ఆయన పూనికతో శ్రీకాకుళమున ‘కథానిలయం’ వెలసెను. తెలుగు కథకొరకే నెలకొల్పిన గ్రంథాలయమది. 2021లో ఆయన మరణించెను. ఆయన కూర్చిన సంపద నిలిచినది.

కథలు మొదట వచ్చునది పత్రికలలో. పత్రికను చదివిన పిమ్మట పొట్లములకు వాడుదురు, లేదా తూకమునకు అమ్ముదురు. కావ్యమువలె కథ తరతరములు నిలుచుట కష్టము. అందుచేత పాత సంచికలను, కథాసంపుటములను వెదకి తెచ్చి, రచయితల పేర్లతో కథల పట్టికలు వ్రాయించుట అవసరమయ్యెను. దీని ఫలము ఎట్టిదో ఒక ఉదాహరణము వలన తెలియును. 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడవారి ‘దిద్దుబాటు’ తొలి తెలుగు కథయని చిరకాలము చెప్పుచుండిరి. పాత పత్రికలను తిరుగవేసినవారు 1902లో ‘హిందూసుందరి’లో భండారు అచ్చమాంబ ప్రకటించిన ‘ధనత్రయోదశి’ని ముందునకు తెచ్చిరి. ఒక మూల పడియున్న సంచిక చిరిగిపోయియున్నచో ఒక రచయిత్రికి ఆమె పాఠకులు దొరకకయే పోయెడివారు. ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు అను సూత్రము ఇచ్చట అక్షరాల వర్తించును.

పాఠశాలలో చేయదగినది

నేడు చేతిలోని ఫోనే పుస్తకములను సూచించుచున్నది. ఒక రకము చదివినవానికి యంత్రము సాధారణముగా అదే రకమును మరల చూపును. అది ప్రచ్ఛాయను చూపును గాని ఉపచ్ఛాయను అంతగా చూపదు. ఆ లోటును తీర్చగలవాడు ఉపాధ్యాయుడు. అందుకు పెద్ద ధనము అక్కరలేదు. బీరువా తాళము తీసి వారమునకు ఒక గంట పుస్తకములను బల్లలపై పరువవచ్చును. ఒక నవల ప్రక్కన ఆ కాలపు చరిత్రను, ఒక ప్రయాణకథ ప్రక్కన భూగోళ గ్రంథమును ఉంచవచ్చును. నచ్చని పుస్తకమును సగములో విడిచిన విద్యార్థిని మందలింపక, ఏ పుటలో విసుగు పుట్టినదో అడుగవచ్చును. ఆ సమాధానమే తరువాతి పుస్తకమునకు దారి చూపును.

పరిశోధక నవల చదువు బాలుడును, నక్షత్రముల పుస్తకము చదువు బాలుడును చేయుచున్న పని ఒక్కటే. ఇద్దరును ఆధారములనుబట్టి కనబడని విషయమును ఊహించుచున్నారు. ఒకరి పుస్తకము రెండవవాని చేతికి ఒకమారు అందించిచూచిన, వారి అభిరుచులు ఎంత దూరముననున్నవో, ఎంత చేరువననున్నవో వారికే తెలియగలదు.