ముసలి నీలిపిట్ట సంతానం

న్యూజిలాండ్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో చాతమ్ దీవులున్నాయి. అక్కడి ఆదివాసులు మోరియోరీలు. ఆ పెద్దదీవికి వాళ్లు పెట్టుకున్న పేరు రేకోహు. పిచ్చుకంత ఉండే ఒక నల్లపిట్ట ఆ దీవుల అడవుల్లో పాడుకుంటూ, నేలమీది పురుగులు ఏరుకు తినేది. మోరియోరీలు దాన్ని కరురే అంటారు. పుస్తకాల్లో బ్లాక్ రాబిన్.

ఓడలు వచ్చాయి. వాటితో ఎలుకలు, పిల్లులు దిగాయి. పశువుల మేత కోసం అడవి పోయింది. 1880ల నాటికి ఈ పిట్ట లిటిల్ మాంగెరే అనే చిన్న కొండదీవిలో తప్ప ఎక్కడా మిగల్లేదు. 1976లో లెక్కిస్తే ఏడే ఉన్నాయి. వాటిని పట్టి, కొత్తగా చెట్లు నాటిన పక్క దీవి మాంగెరేకు మార్చారు. అయినా 1980కి ఐదే మిగిలాయి. అందులో పిల్లల్ని చేయగల జత ఒక్కటే.

ఆ ఆడపిట్ట కాలికి నీలి పట్టీ ఉండేది. అందుకే ఓల్డ్ బ్లూ అన్నారు. మనం ముసలి నీలిపిట్ట అందాం. ఈ జాతి పిట్టలు మామూలుగా నాలుగైదేళ్లు బతుకుతాయి. ఇది పదమూడేళ్లు దాటి బతికింది. అంతకంటే పెద్ద వింత, ఎనిమిదేళ్లు నిండాక కూడా గుడ్లు పెట్టి జాతిని నిలపడం. డాన్ మెర్టన్ బృందం దాని గుడ్లు తీసి వేరే పిట్టల గూళ్లలో పెట్టింది. గుడ్లు పోయాయనుకుని అది మళ్లీ పెట్టేది. మొదట పెంచిన వార్బ్లర్లు పిల్లలకు చాలినంత మేత తేలేకపోయాయి. తరువాత టామ్‌టిట్లు చక్కగా పెంచాయి. కానీ అక్కడే పెరిగిన పిల్లలు తామూ టామ్‌టిట్లమే అనుకున్నాయి! దాంతో రెక్కలు రాకముందే తిరిగి సొంత జాతి గూటికి చేర్చాల్సి వచ్చింది.

సాయం కూడా ఒకచోట ఎదురు తిరిగింది. కొన్ని పిట్టలు గూటి అంచున గుడ్డు పెడితే మనుషులు లోపలికి నెట్టేవారు. అలా బతికిన పిల్లలకూ అదే అలవాటు వచ్చి, జాతిలో పాకింది. నెట్టడం మానేశాక క్రమంగా తగ్గింది. ఇప్పుడు ఆ పిట్టలు రెండు చిన్న దీవుల్లో కలిపి కొన్ని వందలే. అన్నీ ముసలి నీలిపిట్ట సంతానమే.

ఈ కథ చెబితే మా బడి పిల్లలు వెంటనే అడుగుతారు: "మరి ఆ దీవి మనుషులేమయ్యారు, సార్?"

1835లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావోరీ దండు చాలామంది మోరియోరీలను చంపి, మిగిలినవాళ్లను బానిసల్ని చేసింది. 1933లో టామీ సాలమన్ చనిపోతే 'ఆఖరి మోరియోరీ పోయాడు' అన్నారు. ఆయన పిల్లలు బతికే ఉన్నారు! వేరే జాతులవాళ్లతో పెళ్లిళ్లయినంత మాత్రాన లెక్కలోంచి తీసేశారన్నమాట. మన చెంచులను, కొండరెడ్లను, కోలాములను ఆదిమ తెగల జాబితాలో చేర్చినప్పుడు సర్కారు చూసిన గుర్తుల్లో జనాభా తగ్గడమూ ఒకటి. కాబట్టి ఎవరు ఎలా లెక్కిస్తారో మనకూ పట్టింపే.

2020లో న్యూజిలాండ్ ప్రభుత్వం మోరియోరీలతో ఒప్పందంపై సంతకం చేసింది. అవతల సంతకాలు పెట్టింది లేరన్నవాళ్లే.