ముందు ఇరుసు చెప్పే చరిత్ర: పాత చిన్న ట్రాక్టర్లలో ఫోర్ వీల్ డ్రైవ్

యంత్రాల చరిత్రను మనం సాధారణంగా పుట్టిన తేదీలతో మొదలుపెడతాం. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ ట్రాక్టరు తయారైంది, 1971లో హెచ్.ఎం.టి. సంస్థ హర్యానాలోని పింజోర్‌లో చెకొస్లోవేకియా సహకారంతో ట్రాక్టర్ల తయారీ చేపట్టింది, 1974లో దేశీయ రూపకల్పనతో స్వరాజ్ వచ్చింది అని పరీక్షలో రాస్తాం. ఇవి నిజాలే. అయితే కర్మాగారం నుంచి బయటికి వచ్చిన ట్రాక్టరు ఆ తరువాత ఇరవై, ముప్పై సంవత్సరాలు పనిచేస్తుంది, చేతులు మారుతుంది, విప్పి బిగించబడుతుంది. ఆ కాలానికి మన పాఠ్యగ్రంథాల్లో చోటు దొరకదు. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్గర్టన్ 2006లో ప్రచురించిన ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథం ఈ లోపాన్నే ఎత్తిచూపింది. కనిపెట్టిన వస్తువుల చరిత్ర కంటే, వాడుకలో ఉన్న వస్తువుల చరిత్ర వేరుగా ఉంటుందన్నది ఆయన వాదన. ఈ భాగంలో ఆ వాదనను ఒక చిన్న వస్తువుకు అన్వయించి చూద్దాం. అది సెకండ్ హ్యాండ్ చిన్న ట్రాక్టరు ముందు ఇరుసు. మన పరిశీలన స్థలం హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం.

మొదట ఆ వస్తువేమిటో తెలియాలి. మామూలు ట్రాక్టరులో ఇంజను శక్తి వెనుక చక్రాలకే వెళుతుంది. ముందు చక్రాలు దారి చూపడానికి మాత్రమే. ఫోర్ వీల్ డ్రైవ్‌లో గేరుబాక్సు నుంచి ఒక షాఫ్టు ముందుకు వెళ్ళి, ముందు ఇరుసులోని గేర్లను తిప్పుతుంది. జపానులో వరి మడులు చిన్నవి, బురద లోతు ఎక్కువ. కుబోటా, యన్మార్, ఇసెకి వంటి సంస్థలు అటువంటి నేలకోసం ఈ అమరికను చిన్న ట్రాక్టర్లలోకి తెచ్చాయి. మన దేశంలో బెంగళూరుకు చెందిన వి.ఎస్.టి. సంస్థ మిత్సుబిషి సహకారంతో ఈ రకం చిన్న ట్రాక్టర్లను అందించింది. 2008లో కుబోటా చెన్నై కేంద్రంగా నేరుగా అడుగుపెట్టింది.

మరి వరి పండించే తెలుగు నేలలో ఇది ఎందుకు ఆలస్యంగా వ్యాపించింది? మన రైతు దీనికి ముందే చవకైన ఉపాయం ఒకటి పట్టుకున్నాడు. వెనుక చక్రాలకు ఇనుప కేజ్ వీల్స్ తగిలించి దమ్ము చేయడం (తెలంగాణలో కరిగెట అంటాం). కేజ్ వీల్స్ బురదలో బాగా పనిచేస్తాయి, కాని తారు రోడ్డును చీల్చేస్తాయి. వాటితో రోడ్డెక్కవద్దని అధికారులు ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చాక యాసంగి వరి విస్తరించింది. ఏడాదికి రెండుసార్లు బురదలో దిగే యంత్రానికి ముందు చక్రాల పట్టు కూడా కావలసివచ్చింది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారే. ఇంత చిన్న కమతం మీద కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఖర్చు తేలిగ్గా రాదు. కనుక సన్నకారు రైతు చూపు పాత బండి మీద పడుతుంది. మోసపోయే అవకాశం కూడా అక్కడే ఎక్కువ.

పాత బండిలో ఫోర్ వీల్ డ్రైవ్‌ను నమ్మవచ్చా అన్న ప్రశ్నకు మేకు పేరు చెబితే సమాధానం రాదు. ఆ బండి ఎక్కడ బతికిందో తెలిస్తేనే వస్తుంది. దీని వెనుక ఒక లెక్క ఉంది. ఈ ట్రాక్టర్లలో ముందు, వెనుక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ముందు చక్రాలు వెనుకవాటికంటే సాధారణంగా 1 నుంచి 5 శాతం ఎక్కువ వేగంతో తిరిగేట్లు గేర్లు కూర్చుతారు, ముందు భాగం బండిని లాగాలి కనుక. మెత్తని నేలలో చక్రం కొద్దిగా జారుతుంది కాబట్టి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డుమీద టైరు జారదు. అప్పుడా తేడా షాఫ్టులో మెలికగా చుట్టుకుని గేరు పళ్ళమీద, జాయింట్లమీద పడుతుంది. మలుపులో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. లివరు తీయకుండా రోడ్డుమీద ట్రాలీ లాగిన బండి ముందు ఇరుసు, పొలంలోనే బతికిన బండి ఇరుసు కంటే ముందే అరిగిపోతుంది.

ఉప్పల్ ప్రాంతపు చరిత్ర ఇక్కడ పనికివస్తుంది. హైదరాబాద్ శివార్లు ఒకప్పుడు అనాబ్‌షాహి ద్రాక్ష పందిళ్ళకు పేరుపొందాయి. పందిరి కింద దూరగల చిన్న ట్రాక్టరుకు నిజానికి అంతకంటే తగిన చోటు లేదు. తోటలు ప్లాట్లయ్యాయి. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం మహానగర పాలక సంస్థలో కలిసింది, 2017లో మెట్రో వచ్చింది. నగరం పొలాన్ని మింగిన చోట ట్రాక్టరు మాయం కాలేదు, ఇసుక, ఇటుక, నీళ్ళ ట్యాంకరు లాగే బండిగా మారింది. మీటరు ఇంజను నడిచిన గంటలే చెబుతుంది. అవి మడిలో గడిచాయా, వరంగల్ రోడ్డుమీద గడిచాయా అన్నది చెప్పదు.

దాన్ని ఇరుసే చెబుతుంది. చరిత్ర విద్యార్థి శాసనాన్ని చదివినట్లు దీన్నీ చదవవచ్చు. ముందు టైర్లు వెనుకవాటికంటే బాగా నున్నగా అరిగితే రోడ్డు జీవితం గడిచిందని అర్థం. అసలు సైజు కాని టైర్లు వేసి ఉంటే చుట్టుకొలత మారి, పైన చెప్పిన 1–5 శాతం లెక్క చెడిపోయిందన్నమాట. ఇది అన్నిటికంటే మోసకారి లోపం అని నా అభిప్రాయం, ఎందుకంటే కొత్త టైర్లు చూసి కొనేవాడు సంతోషిస్తాడు. ఇరుసు అడుగున డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేసి నూనె చూడాలి. పాలలా తెల్లగా ఉంటే సీలు దాటి నీరు చేరింది. దమ్ములో ఇరుసు బురదలో మునుగుతుంది, గడ్డి, ప్లాస్టిక్ తాడు చుట్టుకుని సీలును కోస్తాయి. సీలు చిన్న ఖర్చు. దాన్ని వదిలేస్తే బేరింగు, తరువాత గేరు పోతాయి. కొందరు పాడైన ముందు డ్రైవ్‌ను బాగుచేయకుండా షాఫ్టు తీసేసి అమ్ముతారు. లివరు మాత్రం కదులుతూనే ఉంటుంది. ముందు చక్రాలను జాకీ మీద లేపి, వెనుక చక్రాలకు అడ్డుపెట్టి, ఇంజను ఆపి, లివరు వేసి చేత్తో తిప్పిచూస్తే విషయం బయటపడుతుంది. రెండు చక్రాలూ ఒకే దిక్కుకు స్వేచ్ఛగా తిరిగితే ఆ బండిలో ఫోర్ వీల్ డ్రైవ్ పేరుకే ఉంది.

ఇక బాగుచేసేవారి సంగతి. నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడల్లో లేత్ షాపులు, గేరు పని చేసే చిన్న యూనిట్లు ఉన్నాయి. నాచారంలో హెచ్.ఎం.టి. నగర్ ఉంది, పక్కనే మౌలాలిలో ఆ సంస్థ బేరింగుల కర్మాగారం నడిచింది. పింజోర్‌లోని హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. తయారీదారు వెళ్ళిపోయాక కూడా ఆ బండ్లు పొలాల్లో ఉన్నాయి. వాటి ఆయుష్షు ఇక లేత్ పనివాడి చేతిలోది. బుష్ వంటివి అతడు తిప్పి ఇవ్వగలడు. ముందు ఇరుసులోని వంపు పళ్ళ గేర్లను అదే మేలిమితో చేయడం కష్టం, అవి జతగా తయారై జతగా అరుగుతాయి. కనుక విడిభాగం దొరకని అరుదైన మేకు ఎంత చవకైనా ఖరీదైనదే.

ఈ చిక్కు మనకు మాత్రమే పరిమితం కాదు. జపాను రైతులు వాడి వదిలిన కుబోటా ట్రాక్టర్లను కొందరు వ్యాపారులు అమెరికాకు తెచ్చి అమ్మారు. కుబోటా అభ్యంతరం చెప్పింది. వాటిమీది హెచ్చరికలు జపాను భాషలో ఉన్నాయని, అవి అక్కడి మార్కెట్‌కు చేసినవి కావని, భాగాలు, సర్వీసు వేరని వాదించింది. 1999లో అక్కడి ఫెడరల్ అప్పీళ్ళ న్యాయస్థానం గామట్ ట్రేడింగ్ కేసులో దిగుమతిని అడ్డుకున్న ఉత్తర్వును సమర్థించింది. వాడిన వస్తువు విలువ దాని వెనుక ఉండే మరమ్మతు వ్యవస్థతో ముడిపడి ఉంటుందన్న సంగతి ఒక న్యాయ వివాదంగా నమోదైన అరుదైన సందర్భమిది.

2023 ఆగస్టు 15న మహీంద్రా సంస్థ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ‘ఓజా’ చిన్న ట్రాక్టర్లను ఆవిష్కరించింది. జపాను భాగస్వామితో కలిసి రూపొందించిన ఈ బండ్లన్నిటికీ ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది. తయారయ్యేది సంగారెడ్డి జిల్లా జహీరాబాద్‌లో. వాటిలో కొన్ని పదేళ్ళ తరువాత రెండో యజమానిని వెతుక్కుంటూ వస్తాయి. అప్పటికి వాటి ముందు ఇరుసులో నూనె ఏ రంగులో ఉంటుందన్నది, ఈ పదేళ్ళలో మొదటి యజమాని కరిగెట అయిన ప్రతిసారీ ఆ బోల్టు విప్పి చూశాడా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.