గంటలో పేజీ కావాలి: న్యూస్‌రూమ్‌లో పుట్టిన జాంగో కథ

ఇవాళ్టి ఎపిసోడ్ కోడింగ్ ట్యుటోరియల్ కాదు, ఒక హిస్టరీ. కానీ ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

బీటెక్ అయ్యి జాబ్‌లో చేరిన కొత్తలో, తెలిసినవాళ్ల ద్వారా ఒక ఫ్రీలాన్స్ పని వచ్చింది. ఒక పెద్దావిడ ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. వెబ్‌సైట్ కావాలన్నారు. రెండు వీకెండ్లు కూర్చొని చేసేశా. ఫోటోలు, రేట్లు, ఆర్డర్ ఫామ్, అన్నీ బానే ఉన్నాయి. కాకపోతే రేట్లన్నీ నేరుగా హెచ్‌టీఎంఎల్ ఫైల్లో టైప్ చేశా. అంటే ఆవకాయ రేటు పది రూపాయలు మారాలన్నా ఆవిడ నాకు ఫోన్ చెయ్యాల్సిందే.

వేసవి వచ్చింది. కాయల రేటు, నూనె రేటు పెరిగాయి. ఆవిడ ఫోన్ చేశారు. నాకు ఆఫీసులో రిలీజ్ టెన్షన్, రెండు రోజులు ఎత్తలేదు. ఆ రెండు రోజుల ఆర్డర్లూ పాత రేటుకే పడ్డాయి. ఆవిడ అందరికీ పాత రేటుకే పంపించారు. నేను సారీ చెప్తే, "పర్లేదులే బాబూ, సైట్లో ఉన్న రేటంటే నేనిచ్చిన మాటే కదా" అన్నారు. తిట్టినా బాగుండేది.

సైట్ నడిపేది ఆవిడ. కానీ తాళంచెవి నా దగ్గర ఉండిపోయింది. సరిగ్గా ఈ సమస్యనే చాలా ఏళ్ల ముందు అమెరికాలో ఒక చిన్న ఊరి పేపర్ ఆఫీసులో కొందరు కుర్రాళ్లు పట్టుకున్నారు. ఆ కథే ఇది.

కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అని ఒక ఊరు. అప్పట్లో జనాభా సుమారు 80 వేలు. అక్కడి లోకల్ పేపర్ లారెన్స్ జర్నల్-వరల్డ్. దానికి వార్తల సైటు, ఊళ్లో మ్యూజిక్ ప్రోగ్రాంలు వగైరా చెప్పే సైటు, యూనివర్సిటీ ఆటల కోసం ఇంకో సైటు ఉండేవి. ఇవన్నీ చూసేది ఒక చిన్న వెబ్ టీమ్. అందులో ఏడ్రియన్ హోలోవటీ, ఇంగ్లండ్ నుంచి ఏడాది పని చేయడానికి వచ్చిన స్టూడెంట్ సైమన్ విల్లిసన్ ఉన్నారు.

వాళ్ల క్లయింట్ ఎవరో తెలుసా? పక్క టేబుల్ దగ్గర కూర్చున్న జర్నలిస్టులు! వాళ్లకి నెలల ప్లానింగ్ అంటే కుదరదు. రేపటికల్లా కొత్త సెక్షన్ కావాలి, ఒక్కోసారి గంటల్లో కావాలి. మొదట పీహెచ్‌పీలో చేసేవాళ్లు. సైట్లు పెరిగేకొద్దీ కష్టమైపోయింది. 2003లో పైథాన్‌కి మారారు. ప్రతి సైట్‌లో మళ్లీ మళ్లీ రాస్తున్న కోడ్‌ని పక్కకి తీసి, ఒక చోట పెట్టుకుంటూ వెళ్లారు. తర్వాత జేకబ్ కప్లన్-మాస్, డిజైనర్ విల్సన్ మైనర్ కూడా ఆ టీమ్‌లో చేరారు. 2005 జులైలో ఆ కోడ్‌ని ఓపెన్ సోర్స్‌గా ప్రపంచానికి ఇచ్చేశారు. గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్ పేరు మీద దానికి జాంగో అని పేరు పెట్టారు.

ఇందులో నాకు బాగా నచ్చింది ప్లానింగ్. మనం సైట్ అంటే పేజీలు అనుకుంటాం. వాళ్లు పేజీ గురించి కాదు, దాని వెనకున్న వస్తువు గురించి ఆలోచించారు. ఒక బ్యాండ్ ఉంది, ఒక హాల్ ఉంది, ఫలానా తారీఖున ఒక ప్రోగ్రాం ఉంది. మూడూ డేటాబేస్‌లో వేరువేరుగా పెట్టి లింక్ చేస్తే, ఈ వారం ప్రోగ్రాంలు, ఈ హాల్లో ప్రోగ్రాంలు, ఈ బ్యాండ్ ప్రోగ్రాంలు అన్నీ అదే డేటా నుంచి వస్తాయి. ఎవరూ పేజీ పేజీకీ టైప్ చెయ్యక్కర్లేదు. 2006లో హోలోవటీ ఇదే మాట పేపర్ల వాళ్లందరికీ ఒక వ్యాసంలో చెప్పాడు. ఊళ్లో అగ్నిప్రమాదం జరిగితే, అదంతా ఒక పెద్ద పేరా కింద దాచకండి, తేదీ, టైం, స్థలం విడివిడిగా దాచుకోండి, రేపు పనికొస్తాయి అని.

రెండోది అడ్మిన్ ప్యానెల్. మీరు ఆ వస్తువులేంటో కోడ్‌లో చెప్తే చాలు, వాటిని మార్చుకునే ఫామ్స్ జాంగోనే తయారు చేసి ఇస్తుంది. ప్రోగ్రామర్ ఇంకా పేజీ డిజైన్ గురించి ఆలోచిస్తుండగానే, రిపోర్టర్లు లోపల డేటా ఎక్కించేయొచ్చు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో వాళ్లకి మొదటి రోజే ఇచ్చేయడం అన్నమాట.

మూడోది, జనం పెరిగితే ఏంటి? ఇక్కడ క్యాష్ అని ఒకటి ఉంటుంది. టిఫిన్ సెంటర్ గుర్తు తెచ్చుకోండి. దోసె ఎవరిది వాళ్లకి వెయ్యాలి. ఇడ్లీ ఒక వాయి దించితే పది ప్లేట్లకి వడ్డించొచ్చు. ఒకే పేజీని వెయ్యిమంది అడిగితే వెయ్యిసార్లు తయారు చెయ్యకుండా, ఒకసారి చేసి దాచి అందరికీ ఇవ్వడమే క్యాష్. దానితో పాటు వెబ్ సర్వర్, డేటాబేస్, క్యాష్ వేటికవి విడిగా ఉంటాయి. ఎక్కడ లోడ్ పెరిగితే అక్కడ ఇంకో మెషీన్ పెట్టుకోవచ్చు.

ఇది చిన్న ఊరి పేపర్‌కే పరిమితం అనుకోకండి. 2010 అక్టోబర్‌లో లాంచ్ అయిన ఇన్‌స్టాగ్రామ్ వెనక ఉన్నది జాంగోనే. మొదటి రోజే 25 వేలమంది చేరారు, సర్వర్ గిలగిల్లాడింది. వాళ్లకి దొరికిన దొంగల్లో ఒకడు ఎవరో తెలుసా? బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించే చిన్న ఐకాన్ ఫైల్! అది పెట్టడం మర్చిపోయారు, ప్రతి బ్రౌజరూ దానికోసం అడిగి అడిగి ఎర్రర్లు కుప్పలు పోసింది. తర్వాత నిలదొక్కుకున్నారు. 2012లో ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లకి కొన్నప్పుడు ఆ కంపెనీలో ఉన్నది 13 మంది.

మళ్లీ మన పచ్చళ్ల దగ్గరికి వద్దాం. ఈ కథ చదివాక ఆవిడ సైట్ మొత్తం మళ్లీ కట్టా, డబ్బులు తీసుకోకుండా. ఈసారి కోడ్ మొదలుపెట్టే ముందు ఆవిడ వంటింట్లో కూర్చొని మూడే అడిగా. ఏమేం మారతాయి? ఎవరు మారుస్తారు? ఎన్నాళ్లకోసారి మారతాయి? పేజీలు ఎన్ని కావాలని అసలు అడగనే లేదు. జాంగో సపోర్ట్ చేసే భాషల్లో తెలుగు కూడా ఉంది. అందుకే అడ్మిన్‌లో ఫీల్డ్స్‌కి "ధర", "స్టాక్ ఉందా" అని మన తెలుగులోనే పేర్లు పెట్టా. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకొని, నా ముందే ఫోన్లో గోంగూర రేటు మార్చి, సైట్ రెండుసార్లు తెరిచి చూసుకున్నారు.

క్లయింట్ పని ఒప్పుకునే ముందు మీరూ ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఆవిడ ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తారు. కాకపోతే ఇప్పుడు అడిగేది రేటు మార్చమని కాదు, "కొత్తావకాయ కలిపాం బాబూ, ఒక సీసా పంపనా?" అని. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.