భర్మారు తుపాకి, దాని మీట

కాజీపేట నుంచి విజయవాడకు పోయే రైలుమార్గంలో మానుకోట (మహబూబాబాద్)కు సమీపాన ఉన్న కేసముద్రం, 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలోనిదే. ఈ ఊరు ఈనాడు వ్యవసాయ మార్కెట్టుతో ప్రసిద్ధమైనా, 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో మానుకోట తాలూకా ప్రధాన క్షేత్రాల్లో ఒకటి కావడం వల్ల, ఆ పోరాటపు ఆయుధ చరిత్రకూ ఈ నేలకూ విడదీయరాని సంబంధం ఉంది. 1946 జూలై 4న కడవెండిలో ఉద్యమ కార్యకర్త దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలైన తొలినాళ్లలో ప్రజల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలే; 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపు వెలువడిన తరువాత దొరల గడీల నుంచి, గ్రామాధికారుల ఇళ్ల నుంచి స్వాధీనం చేసుకున్న ఆయుధాల్లో భర్మార్లు ఎక్కువగా కనిపిస్తాయి.

గొట్టం మూతి నుంచి నల్లమందు పోసి, గుడ్డపీలికతో బిగించి, గుళ్లు వేసి, కడ్డీతో దట్టించి పేల్చే తుపాకినే భర్మారు అంటారు. 1807లో స్కాట్లాండుకు చెందిన అలెగ్జాండర్ ఫోర్సైత్, దెబ్బ తగిలితే అంటుకునే రసాయనంతో మందును పేల్చే పద్ధతికి పేటెంటు పొందగా, దాని నుంచి ఆ రకం రసాయనం నింపిన రాగి టోపీ పుట్టింది. భర్మారు మీట నొక్కితే సుత్తివంటి ముక్క పడేది ఈ టోపీ మీదనే. మీటకూ సుత్తికీ మధ్య నాలుకవంటి చిన్న ఇనుపముక్క ఒకటి సుత్తి ఇరుసు మీది గాటులో ఇరుక్కొని ఉంటుంది. మీట దానిని పైకి లేపగానే స్ప్రింగు సుత్తిని ముందుకు విసురుతుంది.

ఈ సాదా మీటకు భిన్నంగా, జర్మన్ భాషా ప్రాంతాల్లో పదహారవ శతాబ్దం నాటికే, గురి చెదరకుండా అతి తేలికగా పేలే ‘సెట్ ట్రిగ్గర్’ అనే రెండంచెల మీట వాడుకలో ఉంది. వెనుక మీటను నొక్కి ఒక స్ప్రింగును బిగిస్తే, ముందు మీటను తాకినంతలోనే ఆ స్ప్రింగు విడుదలై నాలుకను తన్నుతుంది. గొట్టంలోపల మెలికగాళ్లు చెక్కి, గుండు తిరుగుతూ పోయేలా చేసిన రైఫిళ్లకే ఈ ఏర్పాటు సార్థకం. నునుపు గొట్టపు భర్మారుకు ఆ సున్నితత్వంతో పని లేదు. పైగా సెట్ ట్రిగ్గర్ చెడిపోవడానికి మార్గాలెన్నో: సర్దుబాటు మర శ్రుతి మించితే మీట బిగుసుకోదు, అంచు అరిగితే బిగుసుకున్నది నిలవదు, నూనె గడ్డకడితే తన్నుడు బలం తగ్గుతుంది, వానకు కర్ర ఉబ్బితే కదిలే భాగం రాసుకుంటుంది. లోపమెక్కడో తేల్చాలంటే ముందుగా తుపాకి ఖాళీగా ఉందని నిర్ధారించుకొని, మీటల పలకనూ సుత్తి యంత్రాన్నీ విడదీసి చూడాలి. సుత్తి యంత్రం తనంతట తాను సక్రమంగా పనిచేస్తే దోషం మీటల పలకదో, ఉబ్బిన కర్రదో అయి ఉంటుంది. సుత్తి సగంలో ఆగిపోతే, దాన్ని సగంలో నిలిపే ఇరుసు మీది గాటును దాటించే చిన్న రెక్క ఇరుక్కుందని, లేక ఊడిపోయిందని అనుమానించాలి.

భర్మారులో ఇంత చిక్కు లేదు. గాటు అరిగితే ఆకురాయితో సరిదిద్దడం, స్ప్రింగు మెత్తబడితే కాల్చి పదును పెట్టడం కొలిమీ చేతినైపుణ్యమూ ఉన్న కమ్మరికి అందుబాటులోని పనులే; బయ్యారం వంటి ఇనుపరాతి నేలకు దగ్గరున్న ఈ ప్రాంతంలో ఇనుప పనికి మూలం బలమైనదే. హైదరాబాదులో 1795 ప్రాంతంలో ఫ్రెంచి సేనాని రేమండ్ నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానాను, తోప్ కా సాంచాను, చరిత్రకారులు గౌరవంగా తలచుకుంటారు. ఆ ఘనత పట్ల అభ్యంతరమేమీ లేదు. అయితే పేలని తుపాకి పట్టుకొన్నవాడికి ప్రాణాపాయమే గనుక, సాయుధ పోరాటపు నిజమైన బలం కార్ఖానాల్లో కంటే చిన్న మరమ్మతుల్లోనే ఎక్కువగా ఉందనడం న్యాయం.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనిక చర్యతో నిజాం పాలన ముగిసినా, పోరాటం 1951 అక్టోబరు 21న విరమించేదాకా కొనసాగింది. ఆ తరువాత వచ్చిన 1959 నాటి ఆయుధాల చట్టం, తన 13వ సెక్షనులో, పంటల రక్షణకు నిజాయితీగా వాడదలచినవారికి మూతి నుంచి మందు నింపే తుపాకికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు చేసింది. పోరాట దళాల చేతిలో ఒకప్పుడు ఆయుధమైన రకం తుపాకి, చట్టం దృష్టిలో అడవిపందుల నుంచి చేను కాపాడుకొనే పనిముట్టయింది.